పనిలేని నడక

ఆరో నెలలో నా రక్తంలో చక్కెర ఎక్కువగా ఉందని తేలింది. ఆదోనిలో నన్ను చూసే డాక్టరమ్మ కాగితం చదివి, కళ్ళద్దాలు తీసి, "తిన్నాక అరగంట నడవండి. పొద్దున, సాయంత్రం. రెండు వారాలయ్యాక మళ్ళీ చూద్దాం. తగ్గకపోతే ఇన్సులిన్ మొదలుపెడదాం" అన్నారు. మా అమ్మకు షుగరుందని చెప్పాక ఇంకో మాట కూడా అన్నారు. ఇప్పుడు జాగ్రత్తపడకపోతే కాన్పయ్యాక కూడా అది నన్ను వదలకపోవచ్చట.

మా అమ్మ షుగరు సంగతి నాకు బాగా తెలుసు. ఆమె అరికాళ్ళకు స్పర్శ తగ్గిపోయింది. ఒకసారి కాలికి గాజుపెంకు గుచ్చుకుంటే, నేల మీద మరక చూశాకే ఆమెకు తెలిసింది. పుట్టింటి నుంచి వచ్చే ఆస్తి వద్దనే రకం కాదు నేను. అయితే ఇది మాత్రం అక్కర్లేదనుకున్నాను.

పుట్టిల్లు ఎమ్మిగనూరు. అత్తగారిల్లు ఆదోని. అమ్మ మగ్గం నేస్తుంది, మామగారు పత్తి యార్డులో కమిషన్ వ్యాపారం చేస్తారు. సంబంధం కుదిర్చిన పెద్దమనిషి "వాళ్ళది పత్తి, మీది నూలు, ఇంకేం కావాలి" అన్నాడట. మా అమ్మ నేసే నూలు ఎక్కడో తమిళనాడు మిల్లులో తయారై వస్తుందని ఎవరూ ఆయనకు చెప్పలేదు. మంచి మాటను పాడుచేయడం దేనికి?

నడవడం మీద నాకు అభ్యంతరమేమీ లేదు. ఏడాది వయసు నుంచి నడుస్తున్నదాన్నే. జూనియర్ కాలేజీలో కామర్స్ చెప్తూ మెట్లెక్కి దిగినదాన్నే. సెలవు పెట్టాక ఆ మెట్లు కూడా పోయాయి. కాబట్టి మొదటి రోజు ఉప్మా తిని, చెప్పులేసుకుని, బయల్దేరాను. వీధి మలుపు తిరిగేలోపే ఒక ఆటో నా పక్కన నెమ్మదించింది.

"యాడికక్కా?"

"యాడికీ లేదన్నా. నడుస్తాండా."

అతను నా కడుపు చూశాడు, రోడ్డు చూశాడు. రెండింటికీ పొంతన కుదిరినట్టు లేదు.

"ఎక్కక్కా. ఆస్పత్రికే కదా. ఇడిసిపెట్టి వస్తా."

"ఆస్పత్రికి కాదన్నా. డాక్టరమ్మ నడవమని సెప్పింది."

"వాళ్ళు సెప్తారక్కా. సెప్పడానికేముంది, వాళ్ళు కార్లో పోతారు" అని, నన్ను ఒంటరిగా వదలడానికి మనసొప్పక నా వేగంతోనే నా పక్కన ఆటో నడిపాడు. వెనక పత్తి బేళ్ళ లోడుతో వస్తున్న లారీ హారన్ కొట్టింది. దాని వెనక బస్సు కొట్టింది. నా ఆరోగ్యం కోసం ఊరు కొంతసేపు ఆగింది. ఆ సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు.

అతను వెళ్ళాడనుకునేలోపు మామగారి స్నేహితుడొకాయన స్కూటరాపారు. "ఏమ్మా, ఇంట్లో ఏమన్నా మాటామాటా వచ్చిందా?"

"ఏం లేదు మామా."

"నాకాడ దాచద్దు. ఏమున్నా మీ మామకు నేను సెప్తా."

ఆయన చెప్పారు. నేను ఇల్లు చేరేసరికే చెప్పేశారు. గడపలో అత్తమ్మ ఫోను చేత్తో పట్టుకుని నిలబడి ఉంది.

"నేనేమన్నా అన్నానామ్మా నిన్ను?"

"లేదత్తమ్మా."

"మరి నేనేదో అన్నానని ఊరంతా అంటాండారే."

అప్పుడు నాకు విషయం అర్థమైంది. కడుపుతో ఉన్న కోడలు చేతిలో ఏమీ లేకుండా, పక్కన ఎవరూ లేకుండా, ఎక్కడికీ కాకుండా రోడ్డు మీద నడుస్తోందంటే మా ఊళ్ళో దానికి ఒకటే అర్థం. అలిగి పుట్టింటికి పోతోంది. ఎమ్మిగనూరు బస్సులో గంట ప్రయాణం. నా హవాయి చెప్పులు చూపించి, వీటితో అంతదూరం పోతానా అని అడిగాను. అత్తమ్మ చెప్పులు చూసి కొంచెం నమ్మింది.

"నడిస్తే నడువు. ఇంట్లో నడువు" అంది.

మా హాలు పొడవు పదకొండు అడుగులు. పన్నెండో అడుగుకు టీవీ. అరగంటలో ఎన్నిసార్లు తిరిగానో లెక్క వదిలేశాను గానీ, భోంచేస్తున్న మామగారు మాత్రం లెక్కపెట్టినట్టున్నారు. "అమ్మా, నువ్వు నడుస్తాంటే నాకు కండ్లు తిరుగుతాండాయి" అన్నారు దీనంగా. మేడ మీదికి పోదామంటే కడుపుతో మెట్లెక్కకూడదని అత్తమ్మ. తెల్లవారుజామున పోదామంటే కుక్కలు. తోడు రమ్మందామంటే మా ఆయన దొరకడు. అది పత్తి దిగే కాలం. ఆయన యార్డు నుంచి ఇంటికి రావడమే ఒక వార్త.

మూడో రోజు ఇంట్లో కొత్తిమీర అయిపోయింది. అత్తమ్మ వైరు బుట్ట చేతికిచ్చి, పక్క వీధిలో కొనుక్కురమ్మంది. బుట్ట పట్టుకుని బయల్దేరాను. ఒక్క ఆటో ఆగలేదు. ఒక్క స్కూటరు నెమ్మదించలేదు. ఎవరూ నా కాపురం గురించి అడగలేదు. పక్క వీధి దాటి, ఇంకో వీధి దాటి, స్టేషను దాకా పోయి వచ్చాను. వైరు బుట్టలో ఉన్న ఈ మహిమ కాలేజీలో ఎవరూ నాకు చెప్పలేదు.

అప్పటి నుంచి రోజుకు రెండుసార్లు కొత్తిమీర అయిపోయేది. నాలుగు రోజులు పచ్చడి తిన్నాక అత్తమ్మకు సంగతి తెలిసిపోయింది. ఐదో రోజు నేను చెయ్యి కడుక్కుంటుండగానే తనే బుట్ట తెచ్చి పెట్టింది. "పోయి రా పో. ఈసారి పుదీనా తే. వాసనన్నా మారుతాది."

రెండు వారాల తర్వాత పరీక్షలో చక్కెర తగ్గింది. ఏం చేశారని డాక్టరమ్మ అడిగారు. కొత్తిమీర తెచ్చానండీ అన్నాను. "కొత్తిమీర మంచిదే. కానీ నడక ముఖ్యం" అన్నారు.

తొలికాన్పు పుట్టింట్లో కాబట్టి ఎనిమిదో నెలలో ఎమ్మిగనూరు చేరాను. అమ్మాయి పుట్టింది. కుట్లు పడ్డాయి, అంతకుమించి గొడవ లేదు. ఇంటికి పంపేటప్పుడు అక్కడి డాక్టరు మా అమ్మను కూడా పిలిచి కూర్చోబెట్టి చెప్పారు. రేపటి నుంచే ఇంట్లో మెల్లగా నడవాలి. వారం వారం కొంచెం పెంచి, తిన్నాక పూటకు అరగంట దాకా తేవాలి. ఆరు వారాలకు పరగడుపున వచ్చి చక్కెర పరీక్ష చేయించుకోవాలి. "అప్పుడు తెలుస్తుంది, వచ్చిన షుగరు పోయిందో, ఉండిపోయిందో."

అమ్మ శ్రద్ధగా వింది. అన్నిటికీ తలూపింది. ఇంటికొచ్చి నన్ను లోపలి గదిలో మంచం మీద పడుకోబెట్టి, తలుపు దగ్గరికేసింది.

"నలభై రోజులు. కాలు కింద పెడితే బాత్రూముకే" అంది.

తలకు గుడ్డ కట్టింది. నడుముకు పాత చీర బిగించి కట్టింది. చెవుల్లో దూది పెట్టింది. దూది ఆదోని నుంచి వచ్చింది. బాలింతకు దూది కావాలని మాటవరసకు ఫోనులో అంటే, మామగారు యార్డులో మేలిరకం ఏరించి గోతం పంపారు. నావి రెండే చెవులు. పూటపూటకూ వెల్లుల్లి కారం, నెయ్యి, అన్నం. తిన్నాక అరగంట పడక. డాక్టరు చెప్పినదాన్ని అమ్మ సరిగ్గా తలకిందులు చేసి, నిమిషం కూడా తేడా రాకుండా అమలుచేసింది.

"అమ్మా, డాక్టరు నడవమన్నాడు కదా" అన్నాను రెండో రోజు.

"ఆయప్ప కన్నాడా ఏమన్నా?"

మళ్ళీ పడుకున్నాను.

మా అమ్మ గుంట మగ్గం ముందు గదిలో ఉంటుంది. నేలలో గుంట, గుంటలో కాళ్ళు, కాళ్ళ కింద తొక్కే చెక్కలు. ఆ చప్పుడు మా ఇంట్లో గోడలాంటిది, ఉన్నట్టే తెలియదు. కానీ ఆ రోజుల్లో అది నాకు చాలా పనికొచ్చింది. చప్పుడు వినిపిస్తున్నంతసేపు అమ్మ గుంటలో ఉందని అర్థం. ఆగిందంటే లేచి వస్తోందని. చప్పుడు మొదలవగానే మంచం దిగేదాన్ని. గోడ నుంచి గోడకు ఏడడుగులు. ఆగగానే మంచం మీద, కళ్ళు మూసుకుని, నీరసంగా. కాలేజీలో కాపీ కొట్టే పిల్లల్ని ఏళ్ళ తరబడి పట్టుకున్నాను గానీ, వాళ్ళెంత కష్టపడతారో నాకప్పుడే తెలిసింది.

ఇరవై రెండో రోజు మధ్యాహ్నం దొరికిపోయాను. ముందు గదిలో మగ్గం టకటకమంటూనే ఉంది. నేను నాలుగో అడుగులో ఉన్నాను. తలుపు తెరుచుకుంది. అమ్మ నిలబడి ఉంది. మగ్గం ఇంకా ఆడుతోంది.

పక్కింటి పెద్దమ్మను గుంటలో కూర్చోబెట్టి వచ్చింది. వరసకు పెద్దమ్మ, మా అమ్మకు చిన్నప్పటి నుంచి స్నేహితురాలు. పెద్దమ్మ వాయింపు మా అమ్మది కన్నా కొంచెం నిదానం. మామూలుగా అయితే గుర్తుపట్టేదాన్నే. చెవుల్లో మేలిరకం దూది ఉంది.

"ఎన్నాళ్ళ నుంచి?" అంది అమ్మ.

"వారం."

"రేపు నడుము పోతే ఎవురు సూస్తారు? గర్భసంచి జారితే ఎవురు సూస్తారు?"

నాకు నిద్ర లేదు, పాల సలపరం, ఏడడుగుల గది. అనకూడని మాట అనేశాను. "నువ్వు నన్ను పండుకోబెట్టి నీ షుగరు నాకు అంటిస్తాండావు."

అమ్మ మంచం అంచున కూర్చుని, పక్కగుడ్డ ముడతలు సరిచేయడం మొదలుపెట్టింది. ముందు గదిలో మగ్గం ఆగింది. పెద్దమ్మ చీర దులుపుకుంటూ తలుపు దగ్గరికి వచ్చింది. అంతా విన్నట్టుంది.

"నువ్వు పుట్టిన పన్నెండో దినం మీయమ్మ గుంటలో దిగింది. తెలుసునా నీకు?" అంది నాతో.

తెలియదు.

"మీ నాయనకు జొరం. పండక్కి చీరలియ్యాల. ఎవురు నేస్తారు? వానాకాలం, గుంటలో తేమ. నిన్ను పక్కన గుడ్డ ఉయ్యాల్లో ఏసుకుని నేసె. నువ్వు ఏడిస్తే ఒక కాలితో మగ్గం, ఒక కాలితో ఉయ్యాల తాడు."

"సాల్లేక్కా" అంది అమ్మ.

"ఎందుకు సాల్లే? నడుం నొప్పి యాడ నుంచి వచ్చింది మరి, ఆకాశం నుంచి ఊడిపడిందా?"

అమ్మ పక్కగుడ్డ సరిచేయడం ఆపింది. నా వైపు చూడకుండా, మామూలు గొంతుతోనే అంది. "నన్ను పండుకోమని ఒకరూ సెప్పలేదు పాపా. నీకన్నా నేను సెప్పాల అనుకుంటి."

నాకు ఏ సందర్భంలోనైనా ఒక వేళాకోళం తడుతుంది. అది నా గుణమనీ లోపమనీ మా ఆయన అంటాడు. ఆరోజు తట్టలేదు.

కాసేపటికి అమ్మే అడిగింది. "ఎంతసేపు నడవమన్నాడు ఆయప్ప?"

"అరగంట. పూటకు."

"ఈ గదిలోనా?"

"ఈ గదిలో అయితే తల తిరుగుతాది. బయట."

బయట అనే మాట దగ్గర అమ్మ ఆగింది. పచ్చి బాలింత వీధిలోకి రావడం ఒక సమస్య. చల్లగాలి, దిష్టి, చూసినవాళ్ళ నోళ్ళు. నాకు ఆదోని బుట్ట గుర్తొచ్చింది గానీ, బాలింతను కూరగాయలకు పంపే తల్లి ఉండదు. అప్పుడు నాకు పడుగు తట్టింది.

ఇప్పుడు చాలామంది నేతగాళ్ళకు పడుగు మిషను మీద చుట్టి తయారుగా వస్తుంది. మా సందులో మాత్రం ఇంకా ఇద్దరు ముగ్గురు పాత పద్ధతిలోనే చేస్తారు. తెల్లవారగానే, ఎండ ముదరకముందే, నిలువు దారాలన్నిటినీ సందు ఈ చివర నుంచి ఆ చివరకు నడుమెత్తున లాగి కడతారు. గంజి పట్టిస్తారు, కుంచెతో దువ్వుతారు, తెగిన పోగులు వెతికి ముడేస్తారు. ఆ పనంతా నడుస్తూనే చేయాలి. ఈ కొస నుంచి ఆ కొసకు, ఆ కొస నుంచి ఈ కొసకు. మా సందులో మనిషి అటూఇటూ తిరుగుతున్నా ఎందుకని ఎవరూ అడగని చోటు అదొక్కటే.

"పోగులు సూసే వంకతో నడుస్తా" అన్నాను. "నడుస్తాండానని ఎవురికీ తెలీదు."

అమ్మకు ఇష్టం లేదు. మొహం చూస్తే తెలిసింది. కానీ వద్దనలేదు. పెద్దమ్మ వాళ్ళ పడుగు రెండు రోజుల్లో ఉంది.

ఆ పొద్దున నన్ను తయారుచేయడానికి అమ్మకు అరగంట పట్టింది. కొత్త దూది, తలకు ఉన్ని గుడ్డ, నడుం కట్టు, మీద శాలువ, కాళ్ళకు నాన్న పాత సాక్సులు. పాపను మంచం మీద నిద్రపుచ్చి, మెలకువ వస్తే వినపడేలా తలుపు తెరిచి పెట్టింది. సందులోకి అడుగుపెడితే కుక్క ఒకటి నన్ను చూసి లేచి వెళ్ళిపోయింది. కుక్కల సమస్య అలా తీరింది.

పడుగు తెల్లగా, తడిగా, సందు పొడవునా బిగుతుగా ఉంది. గంజి వాసన. పెద్దమ్మ, ఆమె కొడుకు, కోడలు ఒకవైపు దువ్వుతున్నారు. నేను రెండోవైపు నడవడం మొదలుపెట్టాను. అమ్మ నా వెనకే. ఒకచోట తెగిన పోగు కనిపిస్తే, నా వేషానికి తగ్గట్టు చెయ్యి చాపాను.

కొళాయి దగ్గర బిందె పట్టుకున్న ఎదురింటి ఆమె చూసింది. ఆమెకు ఎవరింట్లో ఏం జరిగినా ముందు తెలియాలి, తెలియకపోతే తనే తయారుచేసుకుంటుంది.

"ఏమక్కా, బాలింతను అప్పుడే పనిలో పెట్టినావే" అంది నవ్వుతూ. "నీ మాదిరే సేస్తాండావు బిడ్డకు గూడ."

దువ్వుతున్న ముగ్గురూ ఆపారు. నేను చేయి వెనక్కి తీసుకోలేదు. తీసుకుంటే నా వంక పోతుంది. అమ్మకు అంతకన్నా పెద్ద నింద ఇంకొకటి లేదని ఎదురింటామెకు తెలిసి అందో, తెలియక అందో నాకు ఇప్పటికీ తెలియదు.

అమ్మ ముందుకొచ్చి నా చెయ్యి పట్టుకుని పోగు మీద నుంచి తీసింది.

"పని సేయడంల్యా నా బిడ్డ" అంది, కొళాయి దాకా, ఆ పైన ఇంకో నాలుగిళ్ళ దాకా వినబడేలా. "ఒక పోగు గూడ ముట్టదు. ఊరికే నడుస్తాంది. ఊరికే. దానికి ఏ పనీ ల్యా."

"ఊరికే ఎందుకు నడుస్తారక్కా?" అంది ఆమె. ఈసారి నిజంగానే అడిగింది.

"రక్తంలో సెక్కర పోవాలంటే నడవాల. నాకు నడిసే తీరిక లేకపాయె, నాకు ఉండిపాయె. దీనికి తీరిక ఉంది, నడుస్తాది. రోజూ నడుస్తాది. సూడాలంటే రేపు గూడ రా."

తర్వాత నా వైపు తిరిగి, "సేతులు కట్టుకో" అంది. "సేతులు కట్టుకుని నడువు. సూసేవాళ్ళు సూడనీ."

చేతులు కట్టుకుని నడిచాను. ఉన్ని గుడ్డ, శాలువ, సాక్సులు, చేతులు కట్టుకున్న బాలింత. ఆదోనిలో నేను దాచుకున్నదంతా ఎమ్మిగనూరులో అమ్మ చాటింపు వేసేసింది. మర్నాడు పడుగు లేదు. అమ్మ నన్ను ఆ పొద్దునా బయటికి తీసుకొచ్చింది. ఆ మర్నాడూ. మొదట్లో రెండు మూడు కిటికీలు తెరుచుకునేవి. వారానికి అవీ మానేశాయి. నెయ్యి మాత్రం అమ్మ తగ్గించలేదు. అన్నం కొంచెం తగ్గించి, నెయ్యి అంతే వేసింది. దాన్ని మేం రాజీ అన్నాం.

అమ్మ కూడా నడుస్తున్నట్టే కదా అని నాకు నాలుగైదు రోజుల తర్వాత తట్టింది. ఆమెతో అనలేదు. అంటే తనకు పనుందని మగ్గం దగ్గరికి పోతుంది.

ఆరు వారాలు పూర్తయిన రోజు పరగడుపున ఆస్పత్రికి పోయాం. అమ్మ ఒళ్ళో పాప. మొదట రక్తం తీశారు. తర్వాత గ్లాసుడు చక్కెర నీళ్ళు ఇచ్చి తాగమన్నారు. షుగరు ఉందో లేదో చూడటానికి ముందు షుగరు పోయడం నాకు న్యాయంగా అనిపించలేదు గానీ తాగాను. రెండు గంటలయ్యాక మళ్ళీ రక్తం తీస్తారట. అంతసేపు కూర్చోలేక, అలవాటు కొద్దీ, వరండాలో నాలుగడుగులు వేశాను.

నర్సు కేకేసింది. "ఓయమ్మా, నడవగూడదు. పరీచ్చ అయ్యేదాకా గమ్మున కూర్చోవాల. నడిస్తే లెక్క తప్పు వస్తాది."

అమ్మ మొహం వెలిగిపోయింది. ఈ ఆరువారాల్లో ఆమె మొహంలో అంత వెలుగు మనవరాలిని చూసినప్పుడు తప్ప చూడలేదు.

"ఇంటివా?" అంది.

"వింటిని."

"ఆస్పత్రోళ్ళే సెప్తాండారు."

బెంచీ మీద కూర్చున్నాను. పాపకు పాలిచ్చాను. అమ్మ నా చున్నీ కొసను తన వేళ్ళకు చుట్టి పట్టుకుంది, నేను లేచి పోకుండానేమో. గంట దాటాక ఆ వేళ్ళు వణకడం చూశాను. ఆమె కూడా పరగడుపునే వచ్చింది. ఇడ్లీ తిని రమ్మంటే, నాది తేలేదాకా తినదట. నా సంచిలో ఉన్న బిస్కెట్టు బలవంతాన ఆమె నోట్లో పెట్టాను.

రెండో రక్తం తీశారు. ఇంకో గంట. కాగితం పట్టుకుని డాక్టరు గదిలోకి పోయాం. ఆయన పైనుంచి కిందికి చదివి, "మామూలుగా ఉంది. ప్రస్తుతానికి లేదు. ఏడాదికోసారి చూసుకుంటూ ఉండండి, నడక మానకండి" అన్నారు.

అమ్మ లేవలేదు. "పోయినట్టేనా సార్?"

"పోయినట్టే అమ్మా."

"మల్ల రాదా?"

"జాగ్రత్తగా ఉంటే రాకపోవచ్చు."

రాకపోవచ్చు అనే మాటను అమ్మ కాసేపు పట్టుకుని కూర్చుంది. తర్వాత ఆ కాగితం తీసుకుని, చదవడం రాకపోయినా ఒకసారి చూసి, నాలుగు మడతలు పెట్టి జాకెట్లో దోపుకుంది. బయటికొచ్చి మెట్లు దిగుతూ, పాపను ఒక భుజం నుంచి ఇంకో భుజానికి మార్చుకుని అంది.

"సూసినావా. మొదట్లో మూడు వారాలు పండుకోబెట్టినందుకే తగ్గింది."

"అదే అయ్యుంటాది మా" అన్నాను.